స్టీలు రాళ్ళు

కరెంటు ఒంటిగంటకే పోయింది. మూడింటిదాక రాదని లైన్‌మన్ పొద్దున్నే చెప్పి పోయిండు, తీగల మీదికి వాలిన కొమ్మలు కొడ్తున్నరట, అందుకని టేకులపల్లి మొత్తం ఫ్యాన్లు ఆగినయి, ఫ్రిజ్‌లు ఆగినయి, పర్వేజ్ పిండి గిర్ని కూడ ఆగింది. గిర్ని ఆగితే ఆయనకు కాలు ఒకచోట నిల్వదు. ముందర గదిల నేల మీద పాత పేపర్ పరిచి, దాని మీద కాఫీ గింజలు పట్టే చిన్న మిషన్ పెట్టుకొని, పక్కన నెల రోజుల సంది మూత తియ్యని అట్టపెట్టె పెట్టుకొని కూసున్నడు, కూసొని లేచిండు, స్క్రూడ్రైవర్ తెచ్చిండు, మళ్ళ లేచి టైం చూసిండు. పెట్టెల రెండు స్టీలు రాళ్ళున్నయి, అరచేతిల పట్టేంత గుండ్రటి బిళ్ళలు, చుట్టూ పళ్ళు. ఇంగ్లీషుల వాటిని బర్స్ అంటరట, వీడియోల చెప్పేటాయన మాటకొకసారి అంటడు, అననీ, పర్వేజ్ నోటికి ఆ మాట రాదు, గింజను నలిపేది ఇనుమైనా స్టీలైనా రాయే, పుట్టినప్పటి సంది ఆయనకు తెలిసింది గదే. నాలుగింటికి కన్నమ్మ వస్తది, ఆటోల మిరపకాయ సంచులు ఏస్కొని. ఆమె వచ్చేలోపల ఈ రాళ్ళు మారాలె, కరెంటు రావాలె, గింజలు పట్టాలె, పట్టిన పొడి ముక్కు దగ్గర పెట్టుకోవాలె. ఎంతసేపటి పని? గంటన్నర. నెల రోజుల సంది గంటన్నర దొరకలేదని తనకు తానే చెప్పుకుంటున్నడు, మరి అరుగు మీద కూసొని పోయే బస్సులు లెక్కపెట్టిన గంటలన్నీ ఎవరివో.

పై గిన్నె ఊడదీసిండు. అడుగున ఇరికిన గింజలు నాలుగు పేపర్ మీద రాలినయి. ఈ మిషన్ ఆయన కొన్నది కాదు, ఇసుంటివి కొనేటోడూ కాదు, పై పోర్షన్ల కిరాయికున్న గనుల ఇంజనీరు బదిలీ మీద పోతూ, భాయ్ నీకు మిషన్లంటే పాణం గదా, ఉంచుకో, అని చేతుల పెట్టి పోయిండు, దానితోపాటు చిక్కటి కాఫీ తీసే పొట్టి మిషనొకటి. ఆ సారు ఉన్నన్ని రోజులు పొద్దున ఆరింటికి పైనుంచి గర్రుమని సప్పుడొచ్చేది, ఆ సప్పుడు వింటేనే పర్వేజ్‌కు తెలిసేది, లోపల రాయి సరిగ్గ కూసోలేదు, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ నడుస్తుందని. ఒకరోజు ఆగలేక మెట్లెక్కి పోయి చెప్తే సారు పడి పడి నవ్విండు, చెవితోనే చెప్తవా భాయ్ అని. చెవితోని చెప్తం, చేతితోని చెప్తం, అన్నిటికన్న ముందు ముక్కుతోని చెప్తం సారూ, అన్నడు పర్వేజ్, గొప్పగ అన్నడు, అప్పుడు ముక్కు ఉన్నది కాబట్టి. అబ్బాజాన్ జహూర్ చుట్టు పదూర్లల్ల గిర్ని రాళ్ళకు గంట్లు కొట్టినోడు, ఉలి, సుత్తె సంచిల ఏస్కొని సైకిల్ మీద తిరిగినోడు. గోధుమ వేడెక్కితే ఒక తీరు వాసన బేటా, జొన్నకు ఒక తీరు, మిరపకాయకైతే కమ్మటి ఘాటుల కెల్లి సన్నగ మాడు లేస్తది, అది రాంగనే చక్రం ఒక చుట్టు వెనక్కి తిప్పి రాయి వదులు చెయ్యాలె, రెండు నిమిషాలు ఆగినవో సంచెడు కారం నల్లబడ్తది, కన్ను చూసేసరికి పని ఖతం, ముక్కే ముందు చెప్తది, అనేటోడు. ఆ ముక్కు పర్వేజ్‌కు రెండేండ్ల కింద పోయింది. ఈ సంగతి ఈ ఊర్ల ఒక్కరికి కూడ తెల్వదు.

జ్వరం వచ్చి పోయింది, దానితోని పోయింది. మొదట ఆయనకే తెల్వలేదు, ఎట్ల తెలుస్తది, గిర్నిల కారం పడుతుంటే ముక్కు మండుతనే ఉన్నది, తుమ్ములు వస్తనే ఉన్నయి, కండ్లల్ల నీళ్ళు కారుతనే ఉన్నయి, ముక్కు పనిచెయ్యక ఇదంత ఎట్లయితదని అనుకున్నడు. మోటర్ కాయిల్ చుట్టియ్యాలని ఇంట్ల అబద్ధం చెప్పి ఖమ్మం పోయి ముక్కు డాక్టర్‌కు చూపిస్తే ఆయన తీరిగ్గ చెప్పిండు, ఘాటు వేరయ్యా, వాసన వేరు, మంట తెలిసే నరం బతికింది, వాసన తెలిసే నరం పడుకున్నది, లేస్తే లేస్తది, లేకపోతే లేదు అని. ఎంత సులువుగ చెప్పిండు. లవంగం, నిమ్మతొక్క, నీలగిరి తైలం, గులాబ్ అత్తరు, నాలుగు సీసాలల్ల పోసి పొద్దున, మాపు చూడమన్నడు, చూసేటప్పుడు ఆ వాసన ఎట్లుండెనో మనసుల తల్సుకోమన్నడు. గోధుమ బస్తాల వెనక నిలబడి ఏడాదిన్నర చూసిండు పర్వేజ్. లవంగం పెట్టుకొని లవంగాన్ని తల్సుకుంటే అబ్బాజాన్ గుర్తుకొచ్చేటోడు, పంటి నొప్పికి బుగ్గల లవంగం పెట్టుకొని రాయి కొట్టేటోడు గదా, ముఖం కనపడేది, సుత్తె సప్పుడు వినపడేది, వాసన ఒక్కటి రాకపాయె. పక్కింటోళ్ళు మాత్రం గిర్ని భాయ్‌కు ఈ వయసుల అత్తర్ల సోకు పట్టిందిరో అని నవ్వుకున్నరు.

నాలుగు మరలు విప్పి పై రాయి బయటికి తీసిండు. పళ్ళ సందులల్ల పాత పొడి నల్లగ గట్టిపడి ఉన్నది, పళ్ళు తోమే బ్రష్‌తోని రాకిండు, గోటితోని గీకిండు, పళ్ళ మీద బొటనవేలితోని రాసి చూసిండు పదును ఎంతున్నదని. పదునా, పాడా. గంట్లు పోయిన రాయి లెక్క నున్నగయింది, గింజను కొయ్యదు, నలుపుతది. గదే గదా ఆయన పట్టుకొని ఏలాడుతున్న కొమ్మ. పోయిన వానకాలం ఒక పొద్దున, క్రీస్తుదాసు తెచ్చిన గింజలు పడుతుంటే (భద్రాచలం బస్సు కండక్టరు క్రీస్తుదాసు, మారేడుమిల్లి దిక్కు తోటల గింజలు కిలో, అరకిలో తెచ్చిస్తుంటడు) ముక్కు దగ్గర ఏదో తగిలింది, సన్నగ, తీగంత, వాన పడ్డ పెంకు మీది వాసనసుంటిది, ఉన్నదా లేదా అనేలోపే పోయింది. పర్వేజ్ చేతిల గిన్నె కింద పడేసి సబ్బు దగ్గరికి ఉరికిండు, కిరసనాయిలు డబ్బా దగ్గరికి ఉరికిండు, పెండ్లాం ఆరిఫా కొంగు పట్టుకొని వాసన చూసిండు, ఆమె ఇదేం పాడుబుద్ధి పొద్దుపొద్దున్నే అని చెయ్యి మీద కొట్టింది. దేంట్లనూ ఏమీ లేదు. మళ్ళ రాలేదు. రోజూ పట్టిండు, సన్నగ పట్టిండు, లావుగ పట్టిండు, రాలేదు. అప్పుడు వీడియోల చెప్పేటాయన దేవుడి లెక్క దొరికిండు, రాళ్ళు మొద్దుబారితే గింజ వేడెక్కి వాసన సచ్చిపోతది, రాళ్ళు మార్చి చూడుండ్రి, లోకమే మారుతది అన్నడు. అగో, తప్పు ముక్కుది కాదు, రాళ్ళది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని ఎవరన్న అనేటోళ్ళుంటే అప్పుడే అందురు, ఎవరికీ చెప్పలేదాయె. బొంబాయి నుంచి తెప్పించిండు. పెట్టె వచ్చిన రోజు పండుగైంది. వచ్చిన రెండో రోజు ఆ కారం సంగతి జరిగింది, ఆ రోజు సంది పెట్టె మూత తియ్యలేదు.

కింది రాయి మరలు బిగుసుకపోయినయి. రెండు వచ్చినయి, మూడోది రాదు, స్క్రూడ్రైవర్ జారి బొటనవేలు చెక్కుకపోయింది, థూ నీయవ్వ అని వేలు నోట్ల పెట్టుకున్నడు. రాకు, నాలుగింటిదాక రాకు, కన్నమ్మ వస్తది, నువ్వు ఇట్లనే ఉండు. కన్నమ్మక్క మంచి మనిషి, పది మంది ఆడోళ్ళ సంఘాన్ని నెత్తిన పెట్టుకొని నడుపుతది, హాస్టళ్ళకు కారం ఇస్తరు వాళ్ళు, కాయ కొనేది ఒకరు, తొడిమెలు తీసేది ఇంకొకరు, ఎండబెట్టేది మంగ్లి. తండాల కల్లం మీద పట్టాలు పరిచి మంగ్లి ఎండబెట్టిన కాయ గలగలమంటది, సంచిల చెయ్యి పెడితే గాజులు కదిలినట్టు సప్పుడు, పర్వేజే ఎన్నిసార్లు మెచ్చుకోలే. ఆ రోజు రెండు సంచులు తెచ్చి కన్నమ్మ బజారుకు పోయింది. ఆరిఫా తల్లిగారింటికి తిరుమలాయపాలెం పోయింది. పర్వేజ్ ఒక్కడే గిర్నిల. ముక్కు మండింది, తుమ్ములొచ్చినయి, అంతా సక్కగనే ఉన్నదనుకున్నడు, పొడి రంగు దిగుతుందని కన్ను పట్టేసరికి రెండో సంచి కూడ సగానికొచ్చింది, చక్రం వెనక్కి తిప్పిండు, మిగిలింది పట్టిండు, సంచి మూతి కట్టిండు, కట్టినంక… సరే, కట్టినంక కన్నమ్మ వచ్చింది. పిడికిట్ల తీసి చూసి, ముక్కు దగ్గర పెట్టుకొని, మాడువాసనొస్తుందేంది భాయ్ అన్నది. పర్వేజ్ నోరు ఆయనను అడగకుండనే మాట్లాడింది. తాలు కాయ కలిసినట్టున్నదక్కా, మంచుల తడిసి నల్లబడ్డ కాయ, గిర్ని ఏం చేస్తది, పోసిందే పడ్తది. అంత సులువుగ వచ్చింది మాట. జహూర్ ఇంట్ల అబద్ధం ఎరుగరని పేరు, ఆ పేరు మీద కన్నమ్మ నమ్మింది.

నమ్మి ఊకున్నా బాగుండు. సంఘంల పంచాయితీ పెట్టిండ్రు. మంగ్లి రాత్రిపూట పట్టాలు కప్పలేదని, కాయ మంచుల తడిపిందని, ఆమె లేదు లేదని కొడుకు మీద ఒట్టేసినా ఇనలేదట, సంఘం నుంచి తీసేసిండ్రు. ఇప్పుడు ఇంకొకళ్ళ చేన్లల్ల మిరపకాయ ఏరే కూలికి పోతుంది. నాయిన చేతికింద పుట్టి పెరిగినోడికి కాయ తెల్వదా, నిజంగనే తాలు కాయ కలిసి ఉండొచ్చు గదా, ఎందుకుండదు, మంచు పడ్డది గదా ఆ వారం, ఎవరు చూసిండ్రు పట్టాలు కప్పిందో లేదో. ముక్కు ఉన్నోడు పట్టినా ఆ కాయ అట్లనే నల్లబడునేమో. కాబట్టి ముక్కు ఉన్నదని తేలితే కాయదే తప్పు. ముక్కు వానకాలమే లేచింది, మొద్దు రాళ్ళ వల్ల కాఫీ వాసన తెలుస్తలేదు, కొత్త రాళ్ళు ఏస్తే తెలుస్తది, తెలిస్తే ఆ రోజు మాడు రాలేదన్నట్టు, మాడు రాలేదంటే మాడలేదన్నట్టు. ఎంత మంచి లెక్క కట్టుకున్నడో చూడుండ్రి. ఆ లెక్క చెదరొద్దనే గదా పెట్టె మూత తియ్యంది. పోయిన శనివారం బస్సు స్టాండు కాడ మంగ్లి ఎదురుపడి బాగున్నవా భాయ్ అని అడిగింది, ఊరికే అడిగింది పాపం, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఈయన జేబులు తడుముకొని, ఫోన్ తీసి, రాని ఫోన్ మాట్లాడుకుంట అవతలి పక్కకు పోయిండు. దాటినంక తిరిగి చూస్తే ఆమె వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకొని ఉన్నది, కాయ ఏరేటోళ్ళకు వేళ్ళు మండుతయి గదా.

మూడో మర కిర్రుమని కదిలింది.

"ఏజీ, అన్నం తినవా?" లోపలి నుంచి ఆరిఫా.

"ఆకలి లేదు."

"పొద్దటి సంది అదే మాట. పప్పు చల్లగైతుంది."

పప్పు. ఆ మాట ఆమె కావాలని అన్నదో, మామూలుగ అన్నదో. ఎండకాలం ఒకరోజు పొద్దటి పప్పు మాపటికి పులిసిపోయింది, నురుగులొచ్చింది, పారబొయ్యాలని పక్కకు పెట్టిందట, పర్వేజ్ తెల్వక దాన్నే అన్నంల పోసుకొని రెండుసార్లు కలుపుకొని, చింతపండు బాగ ఏసినవ్ ఇయ్యాల, అన్నడు. ఆరిఫా కంచం దిక్కు చూసింది, ఈయన ముఖం దిక్కు చూసింది, ఏదో అనబోయి, మజ్జిగ పోసుకో అన్నది. ఆ రోజు సంది ఆమె గిర్నికి రావుడు ఎక్కువైంది, అది యాది చేసుకుంటే ఇప్పుడు పర్వేజ్‌కు ఏదో అందీ అందనట్టు తోస్తుంది. కారం పడుతుంటే చాలు, తలుపు కాడికి వచ్చి నిలబడి, గ్యాస్ బుక్ చేసినవా అంటది, పక్కింటి చాంది పెండ్లికి ఏం పెడదాం అంటది, ఒక్కోసారి ఉట్టిగనే, రాయి వేడెక్కిందేమో చూడరాదు అంటది, పెండ్లామొచ్చి గిర్ని పని నేర్పుతుందా అని ఈయన విసుక్కుంటనే చక్రం ఒక చుట్టు తిప్పేటోడు. ఏడాది పొడుగునా ఒక్క సంచి మాడలేదంటే తన చెయ్యి అనుభవం అనుకున్నడు. మాడిన రోజు ఆమె తిరుమలాయపాలెంల ఉన్నది. వద్దు, ఆ దారిల పోవద్దు, రాయి పని చూడు ముందు.

పెట్టె మూత తీసిండు. నూనె కాగితంల చుట్టి ఉన్నయి కొత్త రాళ్ళు, తళతళమంటున్నయి, పళ్ళు ఎంత సన్నగ కోసిండ్రో, బయట సన్నపు పళ్ళు, లోపలికి పోను పోను లావు పళ్ళు, ఉలి పట్టినోడికి ముచ్చటేసే పని. అబ్బాజాన్ చూస్తే కండ్లద్దాలు పైకెత్తి చూసేటోడు. గూడు తుడిచిండు, పొడి గింజంత ఉండొద్దు, గూట్ల ఇసుక రేణువు ఉంటే రాయి ఒక పక్క లేస్తది. కింది రాయి కూసోబెట్టి మూడు మరలు ఒక్కోటి కొంచెం కొంచెం బిగించిండు, ఒకటే బిగించుకుంట పోతే ఒంకర కూసుంటది. పై రాయి కూసోబెట్టిండు. ఇప్పుడు అబ్బాజాన్ పద్ధతైతే పై రాయికి ఎర్రమట్టి జాజు పూసి, కింది రాయి మీద ఆనిచ్చి తిప్పి, జాజు ఎక్కడ అంటితే అక్కడ మిట్ట ఉన్నట్టు, అక్కడ ఉలి. వీడియోల ఆయన జాజు బదులు మార్కర్ పెన్ను అన్నడు, పని అదే, లోకంల ఎక్కడికి పోయినా పని అదే. పళ్ళ కొసలకు నల్ల మార్కర్ పూసిండు, రాళ్ళను దగ్గరికి తెచ్చే రింగు మెల్లగ బిగించుకుంట చేత్తోని తిప్పిండు. తాకింది. విప్పి చూస్తే ఒక్క పక్కనే గీసుకపోయింది, అవతలి పక్క నలుపు అట్లనే ఉన్నది. అనుకున్నదే. సారు ఉన్నప్పటి సంది ఉన్న ఒంకరే.

అగర్‌బత్తి డబ్బాల వెండి కాగితం గోరంత చింపి, నలుపు పోని పక్క రాయి కింద పెట్టిండు. మళ్ళ మార్కర్, మళ్ళ తిప్పుడు, మళ్ళ విప్పుడు. ఇంకా ఉన్నది. ఇంకో పొర. చెమట కారి కండ్లల్ల పడ్తుంది, ఫ్యాన్ లేదు, గోడ గడియారం రెండూ నలభై. చేతులు మాత్రం గునుస్తున్నయి, ఎందుకీ తిప్పలు, మోటర్ పెట్టి రెండు రాళ్ళను ఒకదానికొకటి రుద్దనియ్యి, అవే సర్దుకుంటయి. గిర్నిల గంట్లు కొట్టినంక గట్లనే చేస్తరు, గుప్పెడు తవుడు పోసి రాళ్ళను కొంచెంసేపు ముద్దాడనిస్తరు, మిట్టలు అవే అరిగి రాయి రాయి దోస్తులైతయి, ఆ తవుడు బర్రెకు కూడ పెట్టకుండ పారబోస్తరు. స్టీలుకు ఆ పద్ధతి పనికిరాదు, ఒక్కసారి ముద్దాడినయంటే పళ్ళు విరుగుతయి, సారు మొదటి రాళ్ళను గట్లనే నాశనం చేసింది ఎవరనుకున్నరు? పర్వేజే. మెట్లెక్కిపోయి, చెవితోని కనిపెట్టి, ఇటియ్యండి సారూ నేను సర్దుతా అని, తవుడు దొరకక గుప్పెడు బియ్యం పోసి, రాళ్ళు ఆనేదాక బిగించి మోటర్ ఏసిండు, నిప్పు రవ్వలు లేచినయి. సారు మంచోడు, పర్వాలేదు భాయ్ ఎప్పటివో పాత రాళ్ళు అన్నడు. చూడు, ఆ రోజు ఒప్పుకున్నడు గదా పర్వేజ్, చెవులు పట్టుకొని మరీ, నాదే తప్పు సారూ అన్నడు. స్టీలు బిళ్ళలు చెడగొట్టినందుకు నోరు లేచింది. ఆడమనిషి నోటికాడి కూడు చెడగొట్టినందుకు లేవలేదు.

నాలుగోసారి విప్పినప్పుడు నలుపు చుట్టూ ఒకే తీరుగ పోయింది. వెంట్రుకంత తేడా లేదు. పర్వేజ్ దాన్ని వెలుతురుకు పెట్టి చూసిండు, కిటికీ దాక పోయి చూసిండు, ఇంత సక్కటి పని తన చేతిల కెల్లి ఎన్నడూ రాలేదు, మనసు పొంగాలె, భయమేసింది. ఇగ ఇందుల వంక పెట్టెటందుకు ఏం లేదు. మరలు బిగించి, గిన్నె పెట్టి, మొన్న క్రీస్తుదాసు తెచ్చిన గింజల పాకెట్ చింపి పోసి, ప్లగ్గు పెట్టి, స్విచ్చేసి, ముందర కూసున్నడు. రాకు, రాకు, రాకు అనుకున్నడు కరెంటును. జిందగీల మొదటిసారి ఒక గిర్నోడు కరెంటు రావద్దని కోరుకున్నడు.

మూడుకు ఐదు నిమిషాలున్నయనంగ వచ్చింది. ఫ్యాన్ కదిలింది, లోపల ఫ్రిజ్ గుర్రుమన్నది, మిషన్ లేచింది. ఆహా, ఆ సప్పుడు. గర్రు లేదు, కొట్టుకునుడు లేదు, ఒక్కటే తీరు, మెత్తగ, పెద్ద గిర్నిల సన్నరవ్వ పడుతున్నట్టు. మొదటి గుప్పెడు పారబోసిండు, రెండో గుప్పెడు పారబోసిండు, కొత్త రాళ్ళ మీది నూనె పోవాలె గదా, మూడోది చిన్న గిన్నెల పట్టిండు. పొడిని రెండు వేళ్ళ నడుమ రాసి చూస్తే పట్టు లెక్క ఉన్నది, ఒక్క ముక్క లావు లేదు. కండ్లు మూసుకున్నడు. ఎట్లుంటదో తల్సుకున్నడు, డాక్టర్ చెప్పినట్టే తల్సుకున్నడు, వాన పడ్డ పెంకు. ముక్కు గిన్నెల పెట్టి గుండె నిండ పీల్చిండు. మళ్ళ పీల్చిండు. పొడి ముక్కులకు పోయి దగ్గొచ్చింది. గాలి. ఉట్టి గాలి పీల్చుకుంటున్నట్టున్నది, గిన్నె ఉన్నా లేకున్నా ఒక్కటే.

ఆరిఫా చేతులు తుడుచుకుంట తలుపుల నిలబడ్డది. "యా అల్లా, ఎంత కమ్మటి వాసన. వంటింటి దాక వచ్చింది," అన్నది, అన్నంక ఆయన ముఖం చూసి ఆగింది. పర్వేజ్ గిన్నె కింద పెట్టిండు. ఏడుపు రాలేదు, అరవబుద్ధి కాలేదు, ఒంట్ల ఉన్న కుదురులేనితనమంత కాళ్ళల్లకు దిగింది, లేచి పక్కనున్న గిర్నిలకు పోయి అటు ఇటు తిరిగిండు, చక్రం పట్టుకున్నడు, వదిలిండు, బస్తాలు లెక్కపెట్టిండు, మళ్ళ లెక్కపెట్టిండు. ముక్కు లేనోడికి ఇగ ఏం గిర్ని, కారం పట్టకుంటే గోధుమ, జొన్న మీద ఇల్లు గడుస్తదా, జహూర్ కొడుక్కు వాసన తెల్వదట అని ఊరంత అనుకుంటే ఎవరు తెస్తరు కాయ. చెప్పకుంటే? ఆరిఫా ఉన్నది గదా తలుపుల, ఇన్ని రోజులు నడిచింది గదా, ఇంకా నడవదా. నడుస్తది. నడిస్తే మంగ్లి చేన్లల్లనే ఉంటది.

ఆటో సప్పుడు నాలుగుకు ముందే వచ్చింది. కన్నమ్మ దిగింది, కొంగు నడుముకు చెక్కుకొని సంచి మీద చెయ్యేసింది, "భాయ్, ఈసారి కాయ నేనే దగ్గరుండి ఎండబెట్టించిన, తాలు ఒక్కటుంటే అడుగు," అన్నది.

"అక్కా, సంచులు దించకు."

"ఏమైంది? గిర్ని ఖరాబైందా?"

"గిర్ని మంచిగనే ఉన్నది. నేను ఖరాబైన." గొంతు కొత్తగ వినపడ్డది ఆయనకే. "నాకు వాసన తెల్వదక్కా. రెండేండ్లాయె. పోయినసారి మీ కారం నేనే మాడగొట్టిన. మంగ్లి కాయ మంచిదే."

కన్నమ్మ సంచి మీది చెయ్యి తీసింది. ఆటో డ్రైవర్ ఇంజన్ బందు చేసిండు. పర్వేజ్ ఎనకకు చూస్తే ఆరిఫా తలుపుల నిలబడే ఉన్నది, ఆమె ముఖంల ఆశ్చర్యం లేదు, కండ్లల్ల నీళ్ళున్నయి. తిడితే బాగుండు కన్నమ్మ, ఇంత మట్టి తీసి మొఖాన కొట్టినా బాగుండు. ఆమె జాకిట్ల కెల్లి ఫోన్ తీసింది, వేలితోని ఒత్తింది, ఒత్తి ఈయన దిక్కు చాపింది.

"నాకెందుకు చెప్తవ్? నా కూడు పోలే. ఆమెకు చెప్పు," అన్నది.

ఫోన్ మోగుతున్నది. ఐదుసార్లు మోగింది. చేన్ల గాలి సప్పుడు, ఎవరో ఆడోళ్ళు నవ్వుకునుడు, తర్వాత మంగ్లి గొంతు, "చెప్పు కన్నమ్మక్కా."

"కన్నమ్మ కాదు. నేను గిర్ని పర్వేజ్‌ను. మంగ్లీ, ఆ రోజు కాయ మంచిదే. తప్పు నాది, నీది కాదు."

అవతల నవ్వులు ఆగలేదు, మంగ్లి ఒక్కతే ఆగింది. మెల్లగ అడిగింది, కోపం కూడ లేదు ఆ గొంతుల.

"నా కాయ మంచిదని నాకు ఆ రోజే ఎరుక భాయ్. నీకెప్పుడు ఎరుకైంది?"

ఇయ్యాల, అనొచ్చు. ఇప్పుడే, గంట కింద, అనొచ్చు, కన్నమ్మ నమ్ముతది, మంగ్లి కూడ నమ్ముతదేమో. పర్వేజ్ తన కుడి అరచెయ్యి చూసుకున్నడు.

"ఆ రోజే, మంగ్లీ," అన్నడు. "సంచి మూతి కట్టినంక రాయి మీద చెయ్యి పెట్టిన. కాలింది."